రాత్రి రెండింటికి ఆగిపోయే డబ్బా: కెర్నల్‌లో బగ్‌ని ఎలా పట్టుకుంటారు?

ఈ ఎపిసోడ్ కాస్త పెద్దది. బస్సులో వింటున్నవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, లేకపోతే పక్క సీటాయన తిడతాడు.

మొన్న ఊరెళ్లినప్పుడు డిప్లొమా చదివే తమ్ముడొకడు ఒక మాట అడిగాడు. "అన్నా, ఫోన్ ఉన్నట్టుండి దానంతట అదే ఆగి, మళ్లీ ఆన్ అవుద్ది గదా. లోపల ఏమైందో కంపెనీవాళ్లకి ఎట్టా తెలుస్తది? ఆగిపోయినదాన్ని అడిగితే చెప్పదు గదా?"

చిన్న ప్రశ్నలా ఉంది కానీ ఇది నిజంగా మంచి ప్రశ్న. యాప్ క్రాష్ అయితే ఆపరేటింగ్ సిస్టమ్ చూస్తుంది, ఏమైందో రాసి పెడుతుంది. మరి ఆపరేటింగ్ సిస్టమే పడిపోతే ఎవరు చూస్తారు? ఎవరు రాస్తారు? ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించే. నేను జాబ్‌లో చేరిన కొత్తలో చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్తాను. అది చెప్పకుండా ఈ టాపిక్ చెప్పడం నాకు సరిగ్గా అనిపించదు.

కోల్డ్ స్టోరేజీలో డబ్బా

మాది పత్తి, మిర్చి పండే ఊరు. మార్చి వచ్చిందంటే కళ్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయలే. రేటు బాగుంటే గుంటూరు యార్డుకి తోలతారు. బాగోకపోతే టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతారు. చల్లగా ఉంటే కాయ రంగు పోదు. రంగు పోతే రేటు పోతుంది. అంటే ఆ గదిలో చల్లదనం ఒక రాత్రి తప్పితే ఎన్నో ఇళ్ల లెక్క తప్పుతుందన్నమాట.

బీటెక్ అయ్యాక నేను ఒక చిన్న కంపెనీలో చేరాను. మేం చేసే డబ్బా ఒకటి ఆ గదుల్లో పెట్టేవాళ్లు. దాని పని టెంపరేచర్ చూసి రాసుకోవడం, ఎక్కువైతే అలారం కొట్టడం. లోపల ఒక చిన్న ఏఆర్ఎం బోర్డు, దానిమీద లైనక్స్. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండేదీ లైనక్స్ కెర్నలే కాబట్టి వరసకి మీ ఫోన్‌కి తమ్ముడనుకోండి. అందులో సెన్సార్‌తో మాట్లాడే డ్రైవర్ రాసింది నేనే. నా మొదటి డ్రైవర్.

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి కంప్లైంట్ వచ్చింది. వారానికి ఒకటి రెండు సార్లు రాత్రి రెండింటి ప్రాంతంలో రికార్డు ఆగిపోతోంది. పొద్దున్నే ఆరింటికి సూపర్‌వైజర్ వచ్చి స్విచ్ ఆపి వేస్తే మళ్లీ మొదలు. మధ్యలో నాలుగు గంటలు ఖాళీ. ఆ నాలుగు గంటల్లో గది వేడెక్కినా అలారం మోగదు.

ఓనర్‌కి ఒక అనుమానం. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ తన ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి మా డబ్బా ప్లగ్ పీకుతున్నాడని. నన్ను పంపారు. నేను లాగ్ చూశాను. ఖాళీకి ముందు ఒక్క ఎర్రర్ లేదు. ఉన్నట్టుండి ఆగింది. ప్లగ్ పీకితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

ఆ వాచ్‌మన్ బాబాయ్ నాతో అన్నాడు. "నేను ముట్టుకోలేదు బాబూ. లైటు ఎలుగుతానే ఉంది. నంబరు మాత్రం కదలట్లా."

నేను విన్నాను, తలూపాను, పట్టించుకోలేదు. రిపోర్టులో "పవర్ తీసేసినట్టు కనిపిస్తోంది" అని రాసి పంపేశాను. ఆ నెల ఆయన జీతంలో కోత పడింది.

ఇప్పుడు ఆ మాట మళ్లీ చదవండి. లైటు వెలుగుతోంది, నంబరు కదలట్లేదు. ప్లగ్ పీకితే లైటు ఎలా వెలుగుతుంది? మొత్తం క్లూ ఆయన ఆ రోజే ఇచ్చేశాడు. నేను లాగ్‌ని నమ్మి మనిషిని నమ్మలేదు.

కెర్నల్ పడిపోతే ఏమవుతుంది?

ముందు బేసిక్స్. మీ ఫోన్‌లో యాప్స్ ఏవీ నేరుగా కెమెరానో, మెమరీనో, స్క్రీన్‌నో ముట్టుకోవు. కెర్నల్‌ని అడుగుతాయి, కెర్నల్ చేసి పెడుతుంది. ఒక యాప్ పిచ్చి పని చేస్తే కెర్నల్ దాన్ని ఒక్కదాన్నే మూసేస్తుంది, మిగతావి నడుస్తాయి.

అదే కెర్నల్ లోపల పిచ్చి పని జరిగితే దానికి రెండు స్థాయిలు ఉన్నాయి. మొదటిది ఊప్స్. "ఏదో తేడా జరిగింది" అని ఆ సమయంలో రిజిస్టర్లలో ఏముంది, ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వచ్చాం అన్నదంతా కెర్నల్ మెసేజ్‌లో రాసి, వీలైతే ముందుకు నడుస్తుంది. రెండోది పానిక్. "ఇక నడిస్తే మీ డేటా పాడవుతుంది, నడవను" అని ఆగిపోతుంది.

ఆగిపోయాక ఏం చేయాలన్నది ఒక సెట్టింగ్. పానిక్ టైమ్‌అవుట్ అంటారు. అందులో 10 అని పెడితే 10 సెకన్ల తర్వాత రీబూట్ అవుతుంది. మీ ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది ఇలాంటి ఏర్పాటు వల్లే. సున్నా పెడితే ఎవరో వచ్చి స్విచ్ ఆపేదాకా అలాగే బిగుసుకుపోయి ఉంటుంది. కరెంటు ఉంటుంది, లైటు వెలుగుతుంది, నంబరు కదలదు.

మా డబ్బాలో ఎంత ఉందో ఊహించండి. సున్నా.

ఇంకో విషయం. చచ్చిపోయే ముందు కెర్నల్ రాసిన ఆ చివరి మాటలు ఎక్కడుంటాయి? ర్యామ్‌లో. పొద్దున సూపర్‌వైజర్ స్విచ్ ఆపగానే ర్యామ్ ఖాళీ. అంటే మేం రోజూ పొద్దున ఆరింటికి మా చేతులతో మేమే సాక్ష్యాన్ని కడిగేస్తున్నాం.

చివరి మాటలు దాచుకోవడం

మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేవారు. నా రిపోర్టు చదివి ఒకటే అడిగారు, "పవర్ పోయిందని నీ దగ్గర ప్రూఫ్ ఏంటి?" నా దగ్గర లేదు. "అయితే ముందు ప్రూఫ్ మిగిలేలా చెయ్. తర్వాత ఎవరిది తప్పో మాట్లాడుకుందాం" అన్నారు.

రెండు పనులు చేశాం. పానిక్ టైమ్‌అవుట్ 10 పెట్టాం. ఇంకొకటి, లైనక్స్‌లో రామ్‌ఊప్స్ అని ఒక సౌకర్యం ఉంది, అది ఆన్ చేశాం. ర్యామ్‌లో ఒక చిన్న ముక్కని పక్కన పెట్టి, "ఇక్కడ ఎవరూ ఏమీ రాయకండి, చనిపోయే ముందు చివరి మెసేజ్‌లు మాత్రం ఇక్కడ రాయండి" అని చెప్పడమే అది. కరెంటు తీయకుండా రీబూట్ అయితే ఆ ముక్కలో ఉన్నది సాధారణంగా అలాగే మిగులుతుంది. మళ్లీ లేచాక కెర్నల్ దాన్ని ఒక ఫైల్‌లా చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే పద్ధతి వాడతారు. మా తమ్ముడి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే వచ్చేసింది.

పెద్ద సర్వర్లలో ఇంకా పెద్ద ఏర్పాటు ఉంది. కేడంప్ అంటారు. మొదటి నుంచీ పక్కన ఇంకో చిన్న కెర్నల్‌ని సిద్ధంగా కూర్చోబెడతారు. పెద్దది పడిపోగానే చిన్నది లేచి, పెద్దదాని మెమరీ మొత్తాన్ని డిస్క్‌లోకి కాపీ చేసి పెడుతుంది. ఇది 2005 ఆగస్టులో వచ్చిన లైనక్స్ 2.6.13లో చేరింది. దాని గురించి అదే ఏడాది వచ్చిన పేపర్ రాసిన ముగ్గురిలో వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ అనే రెండు పేర్లు ఉంటాయి. రెండూ మన దేశపు పేర్లే.

వారం తిరక్కుండా మా డబ్బా పడిపోయింది. 10 సెకన్లకి అదే లేచింది. ఫైల్ తీసి చూశాం. పానిక్. పవర్ పోలేదు, ఎవరూ ప్లగ్ ముట్టుకోలేదు.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మునిగింది ఒక చేను, గట్టు తెగింది ఇంకో చేలో

ఆ మెసేజ్ చూస్తే కెర్నల్ పడిపోయింది మెమరీ పంచే కోడ్‌లో. ప్రపంచమంతా వాడే కోడ్ అది. అందులో బగ్ ఉండి మా ఒక్క డబ్బాకే దొరికే అవకాశం చాలా తక్కువ. అంటే ఇంకెవరో ముందే మెమరీని పాడు చేశారు, ఇది తర్వాత వెళ్లి ఆ గుంటలో పడింది. గట్టు తెగింది పైచేలో, నీళ్లు నిలిచింది కింద చేలో. కింద చేను చూసి పైన గట్టు ఎక్కడ తెగిందో చెప్పాలి.

అందరూ మొదట చేసే పని ప్రింట్ పెట్టడం. కెర్నల్‌లో ప్రింట్‌కే అంటారు. నేనూ డ్రైవర్ నిండా ప్రింట్‌లు పెట్టాను. ఆఫీసులోనే ఒక రిలే పెట్టి సెన్సార్ వైరుని కలుపుతూ తెంపుతూ కూర్చుంటే, కొన్ని వందల సార్లకి ఒకసారి పడిపోయే డబ్బా, ప్రింట్‌లు పెట్టగానే పడిపోవడం మానేసింది! రాత్రంతా నడిపినా బంగారంలా ఉంది. ప్రింట్‌లు తీసేస్తే మళ్లీ పడుతోంది.

ఎందుకు? లెక్క వేద్దాం. మా బోర్డుకి సీరియల్ కేబుల్, స్పీడు 115200. ఒక్కో అక్షరానికి 10 బిట్లు. అంటే సెకనుకి 11520 అక్షరాలు. 80 అక్షరాల లైను ఒకటి బయటికి పోవడానికి సుమారు 7 మిల్లీసెకన్లు. మనకి అది రెప్పపాటు కూడా కాదు, కెర్నల్‌కి మాత్రం ఒక యుగం. రెండు పనులు ఒకదాన్నొకటి గుద్దుకోవడం వల్ల వచ్చే బగ్ అయితే, మధ్యలో 7 మిల్లీసెకన్లు ఆపామంటే ఆ గుద్దుకోవడమే జరగదు. దొంగ కోసం వీధి నిండా ఫ్లడ్ లైట్లు వేస్తే ఆ రాత్రి దొంగ రాడు కదా.

మా నాన్న పత్తి చేలో లింగాకర్షక బుట్టలు పెడతాడు. చూసే ఉంటారు, కర్రకి వేలాడే గరాటు, కింద పాలిథీన్ సంచి. ఎకరానికి కొన్ని పెడతాడు. చేనంతా తొక్కడు, మందు కొట్టడు. రోజూ పొద్దున సంచిలో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్క చూస్తాడు. గులాబీ రంగు పురుగైతే బుట్టకి 8 చొప్పున వరసగా 3 రాత్రులు పడితే అప్పుడు మందు సంగతి ఆలోచించాలని చెప్తారు. చేను తన మానాన తను ఉంటుంది, మనకి లెక్క దొరుకుతుంది.

మాకు కావాల్సింది కెర్నల్‌లో అలాంటి బుట్ట. నిజంగానే ఉంది, పైగా ప్రాసెసర్ల భాషలో దాని పేరు కూడా ట్రాపే!

కేప్రోబ్: ఒక్క బైటు బుట్ట

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినండి. ప్రోగ్రామ్ అంటే మెమరీలో వరసగా ఉన్న ఇన్‌స్ట్రక్షన్లు. ప్రాసెసర్ ఒక్కోటి తీసుకుని చేసుకుంటూ పోతుంది. మనకి ఒక చోట కాపు కాయాలి. "ఇక్కడికి ఎవరు వచ్చినా నాకు చెప్పు" అనాలి. దానికి కెర్నల్ చేసేది ఇది.

ఒకటి, ఆ చోట ఉన్న అసలు ఇన్‌స్ట్రక్షన్‌ని కాపీ తీసి వేరే చోట దాస్తుంది.

రెండు, అసలు చోట బ్రేక్‌పాయింట్ ఇన్‌స్ట్రక్షన్ పెడుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉండే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో దీని పేరు ఇంట్ 3. హెక్స్‌లో రాస్తే సీసీ, ఒక్క బైటు. ఎందుకు ఒక్క బైటే? ఆ ప్రాసెసర్లలో ఇన్‌స్ట్రక్షన్లు 1 బైటు నుంచి 15 బైట్ల దాకా రకరకాల సైజుల్లో ఉంటాయి. బుట్ట రెండు బైట్లుంటే, ఒక బైటు ఇన్‌స్ట్రక్షన్ మీద పెట్టినప్పుడు పక్కదాని మీదికి పొర్లుతుంది. ఫోన్లలో ఉండే 64 బిట్ ఏఆర్ఎంలో అన్నీ 4 బైట్లే. అందుకని అక్కడి బ్రేక్ ఇన్‌స్ట్రక్షన్ కూడా 4 బైట్లే.

మూడు, ప్రాసెసర్ అక్కడికి రాగానే బుట్టలో పడుతుంది. చేస్తున్న పని ఆపి, రిజిస్టర్లన్నీ భద్రం చేసి, కెర్నల్‌లో దీనికోసం ఉన్న కోడ్‌కి దూకుతుంది. అక్కడ మనం చెప్పిన చిన్న పని జరుగుతుంది. టైమ్ రాసుకో, ఫలానా విలువ రాసుకో, అంతే.

నాలుగు, దాచిపెట్టిన కాపీని, దాచిన చోటే, ఒక్క అడుగు నడిపిస్తుంది. తర్వాత ప్రాసెసర్‌ని అసలు దారిలో తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర వదిలేస్తుంది. ఆగినట్టు ఆ ప్రోగ్రామ్‌కి తెలియను కూడా తెలియదు.

ఇక్కడ తెలివైనవాళ్లకి ఒక డౌట్ రావాలి. కాపీని వేరే చోట నడపడం ఎందుకు? బుట్ట తీసేసి, అసలు ఇన్‌స్ట్రక్షన్‌ని మళ్లీ అక్కడే పెట్టి, నడిపి, మళ్లీ బుట్ట పెట్టొచ్చు కదా? ఒకే కోర్ ఉంటే పెట్టొచ్చు. మీ ఫోన్‌లో 8 కోర్లు ఉంటాయి. ఒక కోర్ కోసం బుట్ట ఎత్తిన ఆ క్షణంలో ఇంకో కోర్ అటుగా జారిపోతే మన లెక్కలోకి రాదు. లెక్క చూడ్డానికి బుట్ట ఊడదీస్తే ఆ కాసేపట్లో పోయే పురుగులు పోతాయి. అందుకే బుట్ట కదలకుండా ఉంటుంది, కాపీ పక్కన నడుస్తుంది.

దీనికి ఎంత టైమ్ పడుతుంది? కెర్నల్‌తో పాటు వచ్చే డాక్యుమెంట్‌లోనే రాశారు. 2005 నాటి మామూలు ప్రాసెసర్ మీద అర నుంచి ఒక మైక్రోసెకండు. మన ప్రింట్ లైను 7 మిల్లీసెకన్లు, అంటే 7000 మైక్రోసెకన్లు. తేడా ఏడు వేల రెట్లు! దొంగకి అనుమానం రానంత చిన్న కాపలా ఇది.

ఎవరు చేశారు ఇది?

ఇది నాకు ఇష్టమైన భాగం. లైనక్స్ కెర్నల్ సోర్స్ ఎవరైనా చూడొచ్చు. అందులో కేప్రోబ్స్ ఫైల్ తెరిస్తే పైనే రాసి ఉంటుంది. 2002 అక్టోబరులో మొదట రాసింది వంశీకృష్ణ ఎస్. 2004లో ప్రసన్న ఎస్ పంచముఖి మార్పులు చేశారు, సుపర్ణా భట్టాచార్య జంపర్ ప్రోబ్స్ కలిపారు. ముగ్గురి ఈమెయిల్స్ ఐబీఎం ఇండియావే. ఐబీఎంకి అంతకుముందే డీప్రోబ్స్ అని ఒక ప్రాజెక్టు ఉండేది. అందులోంచి కెర్నల్‌కి అవసరమైన చిన్న ముక్కని విడదీస్తే కేప్రోబ్స్ అయింది. 2004 అక్టోబరులో వచ్చిన లైనక్స్ 2.6.9లో చేరింది. తర్వాత జపాన్‌కి చెందిన మసామి హిరమత్సు దీన్ని ఇంకా వేగంగా, ఇంకా సులువుగా చేశారు. జంపర్ ప్రోబ్స్‌ని మాత్రం 2018లో తీసేశారు. అంతకన్నా మంచి దారి వచ్చింది కాబట్టి.

ఇదంతా కెర్నల్ లోపలి కోసం. మరి యాప్స్‌లో, లైబ్రరీల్లో ఇలాంటి బుట్ట పెట్టాలంటే? దాన్ని యూప్రోబ్స్ అంటారు. 2012 జులైలో లైనక్స్ 3.5లో వచ్చింది. ఆ ఫైల్ తెరిస్తే రచయితల్లో మొదటి పేరు శ్రీకర్ ద్రోణంరాజు. ఆ ఇంటిపేరు వింటే మన చెవికి కొత్తగా ఉండదు కదా!

ఇంకో దారి కూడా ఉంది. కేజీడీబీ అంటారు. ఇంకో కంప్యూటర్‌ని కేబుల్‌తో కలిపి, కెర్నల్‌ని పూర్తిగా ఆపి, లైను లైనుగా నడుపుతూ చూడటం. పుణెకి చెందిన అమిత్ కాలే చాలా ఏళ్లు దాన్ని కెర్నల్ బయటే ఉంచి చూసుకున్నారు. బయటే ఎందుకంటే, లైనస్ టోర్వాల్డ్స్‌కి కెర్నల్ డీబగ్గర్లంటే ఇష్టం లేదు. కోడ్‌ని ఆలోచించి అర్థం చేసుకోవాలి కానీ ఆపి ఆపి చూసి అతుకులు వేయకూడదన్నది 2000లో ఆయన గట్టిగా చెప్పిన అభిప్రాయం. చివరికి 2008 జులైలో, 2.6.26లో కేజీడీబీ లోపలికి వచ్చింది. నన్నడిగితే ఇద్దరిదీ కరెక్టే. డీబగ్గర్ చూపిస్తుంది. ఎందుకో మనమే ఆలోచించాలి.

ఈ పేర్లన్నీ ఎందుకు చెప్పానంటే, మన వైపు కాలేజీల్లో ఒక మాట వింటుంటాను. "కెర్నల్ అంతా అమెరికావాళ్లు చేస్తారు, మనకెందుకు, మనం టెస్టింగ్ కోర్స్ చేసి జాబ్ చూసుకుందాం." టెస్టింగ్ చేయండి, తప్పేం లేదు. కానీ ఆ ఫైల్ పైన పేర్లు ఒకసారి చదివి, ఆ తర్వాత ఆ మాట అనండి.

మా బగ్ దొరికింది

సరే, మళ్లీ మా డబ్బా దగ్గరికి వద్దాం. కేప్రోబ్ పెట్టడానికి ఇప్పుడు కోడ్ కూడా రాయక్కర్లేదు. కెర్నల్‌లో ట్రేసింగ్ అనే ఫోల్డర్, అందులో కేప్రోబ్ ఈవెంట్స్ అనే ఫైల్ ఉంటాయి. "ఫలానా ఫంక్షన్ దగ్గర బుట్ట పెట్టు" అని ఆ ఫైల్లో ఒక్క లైను రాసి, ఆ ఈవెంట్‌ని ఆన్ చేస్తే చాలు. ఫలితాలు కేబుల్ మీదికి పోవు, ర్యామ్‌లో ఒక గుండ్రటి పుస్తకంలో పడతాయి. నిండితే పాతవి చెరిగి కొత్తవి పడతాయి. ఊప్స్ వస్తే ఆ పుస్తకాన్ని చివరి మెసేజ్‌లతో పాటు బయటపెట్టు అని ఇంకో సెట్టింగ్ ఉంది. అది కూడా ఆన్ చేశాం.

రెండు బుట్టలు పెట్టాం. ఒకటి నా డ్రైవర్‌లో సెన్సార్ రీసెట్ ఫంక్షన్ మీద. సెన్సార్ జవాబివ్వకపోతే పాత బఫర్‌ని వదిలేసి కొత్తది తీసుకునే పని దానిది. రెండోది టైమర్ ఫంక్షన్ మీద. టైమ్ ప్రకారం వచ్చి బఫర్‌లో టెంపరేచర్ రాసే పని దానిది.

రిలే ఆడిస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి డబ్బా పడింది, లేచింది. ఫైల్ తెరిచాం. చివరి రెండు లైన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక కోర్ మీద రీసెట్ వచ్చింది. దాని వెనకే, మిల్లీసెకండు కూడా గడవకుండా, ఇంకో కోర్ మీద టైమర్ వచ్చింది. టైమర్ చేతిలో ఉన్నది పాత బఫర్ అడ్రస్.

అర్థమైందా? బఫర్‌ని నేను వదిలేశాను. కెర్నల్ దాన్ని తీసుకుని ఇంకెవరికో ఇచ్చేసింది. టైమర్‌కి ఆ సంగతి తెలియదు, వచ్చి అక్కడే టెంపరేచర్ రాసి పోయింది. అమ్మేసిన పొలంలోకి వెళ్లి విత్తనాలు చల్లినట్టు. కొన్నవాడు వచ్చి చూసుకునేసరికి రచ్చ.

మరి రాత్రి రెండింటికే ఎందుకు? అక్కడ ఆ టైమ్‌కి కంప్రెసర్ ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఆ జర్క్‌కి సెన్సార్ ఒక్కసారి జవాబు ఇవ్వదు, డ్రైవర్ రీసెట్‌కి వెళ్తుంది. సరిగ్గా అప్పుడే టైమర్ కూడా వస్తే అయిపోయినట్టే. అన్నిసార్లూ రెండూ కలవవు కాబట్టే వారానికి ఒకటి రెండు సార్లు.

సరిచేయడానికి పట్టింది ఒక్క లైను. బఫర్ వదిలేముందు టైమర్‌ని ఆపు, అది వేరే కోర్ మీద నడుస్తుంటే పూర్తయ్యేదాకా ఆగు. ఆ పని చేసే ఫంక్షన్ కెర్నల్‌లో ముందు నుంచీ ఉంది. నేను వాడలేదు. ఆపమని చెప్పి, ఆగిందో లేదో చూడకుండా ముందుకెళ్లే ఫంక్షన్‌ని వాడాను.

కొందరు అడుగుతారు, ఆ మెమరీని ఎవరు ముట్టుకుంటున్నారో నేరుగా ప్రాసెసర్‌నే అడగొచ్చు కదా అని. అడగొచ్చు. ఇంటెల్ 386 కాలం నుంచే, అంటే 1985 నుంచి, డీబగ్ రిజిస్టర్లు ఉన్నాయి. ఒక అడ్రస్ ఇస్తే, దాన్ని ఎవరు మార్చినా పట్టుకుంటాయి. కానీ అలాంటివి ఇంటెల్‌లో ఒకేసారి నాలుగే. పైగా మా బఫర్ అడ్రస్ రీసెట్ అయినప్పుడల్లా మారిపోయేది. ఇంకోటి, కాసాన్ అని 2015లో లైనక్స్ 4.0తో వచ్చింది. వదిలేసిన మెమరీని ముట్టుకుంటే అక్కడికక్కడే అరుస్తుంది. దాని మామూలు రకానికి ర్యామ్‌లో ఎనిమిదో వంతు లెక్కలకే పోతుంది, వేగమూ తగ్గుతుంది. గోడౌన్‌లో పెట్టే డబ్బాలో నడపలేం, ఆఫీసులో టెస్ట్ చేసేటప్పుడు నడపొచ్చు. నేను మొదటి రోజు నుంచీ నడిపి ఉండాల్సింది. ఇప్పుడు నేను ఏ డ్రైవర్ రాసినా ముందు అది ఆన్ చేస్తాను.

మీరు ట్రై చేయాలంటే

ఫోన్‌లో మాత్రం ట్రై చేయకండి. కెర్నల్‌లో ప్రోబ్ పెట్టాలంటే రూట్ కావాలి. రూట్ చేస్తే మీ ఫోన్‌కి ఉన్న రక్షణ మీరే తీసేసినట్టు, కొన్ని బ్యాంకు యాప్స్ కూడా మొరాయిస్తాయి. పాత ల్యాప్‌టాప్ అయినా పర్వాలేదు, అందులో వర్చువల్ మెషిన్ పెట్టి, లైనక్స్ వేసి, దాంట్లో ఆడుకోండి. పడిపోయినా మళ్లీ లేపొచ్చు. పడిపోతుంది కూడా. కేప్రోబ్స్ నడపడానికే వాడే కొన్ని ఫంక్షన్ల మీద బుట్ట పెడితే, బుట్టలో పడ్డవాడిని చూడ్డానికి వచ్చినవాడు కూడా బుట్టలో పడతాడు. అందుకే అలాంటి చోట్ల పెట్టనివ్వకుండా కెర్నల్ ఒక నిషేధ జాబితా ఉంచుకుంటుంది.

ఫోన్‌లో చేయగలిగింది ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో బగ్ రిపోర్ట్ తీసుకోవచ్చు. ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అయిన వెంటనే తీస్తే, చాలా ఫోన్లలో కిందటిసారి కెర్నల్ చెప్పిన చివరి మాటలు కూడా అందులో దొరుకుతాయి. జాగ్రత్త, ఆ ఫైల్లో మీ సొంత వివరాలు చాలా ఉంటాయి. ఎవరు పడితే వాళ్లకి పంపకండి.

చివరిగా

బగ్ సరిచేసిన డబ్బా పట్టుకుని నేనే వెళ్లాను. రెండో రిపోర్టు కూడా రాసి తీసుకెళ్లాను. "తప్పు మా డ్రైవర్‌ది, పవర్ ఎవరూ తీయలేదు, ముందు ఇచ్చిన రిపోర్టు పొరపాటు" అని. ఓనర్ చదివి, కోసిన డబ్బులు ఇచ్చేస్తానన్నారు, ఆ నెల్లోనే ఇచ్చారు.

సాయంత్రం డ్యూటీకి వచ్చేదాకా ఆగి ఆ బాబాయ్‌ని కలిశాను. సారీ చెప్పాను. కేప్రోబ్, టైమర్, బఫర్ అంటూ ఏదేదో వివరించబోయాను కూడా. ఆయన కుర్చీ గేటు దగ్గరికి లాక్కుంటూ నా వైపు చూసి అన్నాడు.

"నేను ఆ రోజే చెప్పా గదా బాబూ, లైటు ఎలుగుతానే ఉందని."

అదండీ ఈ వారం ఎపిసోడ్. వచ్చే వారం, ప్రాసెసర్ బుట్టలో పడ్డప్పుడు రిజిస్టర్లు ఎక్కడ దాస్తుందో బొమ్మలు గీసి చూద్దాం. డిప్లొమా తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు వచ్చిందనుకుంటున్నా. ఉంటాను మరి, బై.